మల్లయ్య లేడని చెప్పిన రోజు

ఒక జిల్లాలో ఉన్న కుర్రవాళ్లందరినీ నేను ఒక్క మధ్యాహ్నంలో మాయం చేశాను. వరద రాలేదు, జబ్బు రాలేదు. గచ్చిబౌలిలో ఏసీ గదిలో కూర్చుని, కాఫీ తాగుతూ చేశాను. పైగా దానికి మేనేజర్ చేత భుజం తట్టించుకున్నాను. ఇంత ఘనకార్యం ఎలా సాధ్యమైందని మీకు అనుమానం రావచ్చు. తెలివితేటల వల్ల సాధ్యమైంది.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. మా చిన్న కంపెనీకి ఒక జిల్లా పని వచ్చింది. ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారు, ఎక్కడ బడి కావాలి, ఎవరికి పింఛను కావాలి, ఇవన్నీ కలెక్టరు గారి గదిలో ఒక తెర మీద కనిపించాలి. డెమో బాగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే సొంతూరికి కడప బస్సు ఖాయం అని మా మేనేజర్ సుధాకర్ గారు ఎంతో మర్యాదగా చెప్పారు. ఆయనది కాకినాడ. ఉద్యోగం పీకేటప్పుడు కూడా అండీ అంటారు.

జిల్లావాళ్లు పంపిన సమాచారం చూస్తే నాకు కడుపు మండింది. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తోంది.

"ఒక్కొక్కరినీ రెండేసి సార్లు ఎక్కించేశారు సార్" అన్నాను.

"మరి వయసులు వేరుగా ఉన్నాయి కదండీ?"

"టైపు చేసినవాళ్ల నిర్లక్ష్యం సార్."

ఒకే పేరు రెండుసార్లు వస్తే పెద్ద వయసు మనిషిని ఉంచి, చిన్న వయసు మనిషిని తీసేయమని ప్రోగ్రాం రాశాను. పెద్దలంటే నాకు మొదటినుంచీ గౌరవం.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "ఏం సామీ, తిన్న్యావా?" అంది. పుట్టినప్పటినుంచి అమ్మ నన్ను సామీ అనే పిలుస్తుంది, పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. ముద్దు ఎక్కువ కాబోలు అనుకునేవాణ్ణి.

"ఒక జిల్లానంతా శుభ్రం చేశానమ్మా."

"ఒక్కనివేనా? చేతులు నొస్తాయేమో సామీ" అంది పాపం.

డెమో రోజు జిల్లా నుంచి ఒక అధికారిణి వచ్చారు. ఆమెతోపాటు లక్ష్మవ్వ అనే సర్పంచ్, లక్ష్మవ్వను కారులో తీసుకొచ్చిన ఆమె కొడుకు. ఆ కొడుకు మా ఆఫీసు చక్రాల కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ హాయిగా టీ తాగుతున్నాడు. అతిథి మర్యాద కోసం ముందుగా లక్ష్మవ్వ ఊరినే తెర మీద తెరిచాను. ఊరు నిండా తాతలు, నానమ్మలు. కింద తెర తనంతట తానే సలహా కూడా ఇచ్చింది: బడి మూసేయవచ్చు, జనం తక్కువ కాబట్టి ఊరిని పక్క పంచాయతీలో కలిపేయవచ్చు.

లక్ష్మవ్వ లేచి నిలబడింది.

"గిదేంది? మాకు సొంత పంచాయతీ కావాలని చెప్పులరిగేటట్టు తిరిగినం. మల్ల పోయి పక్కూరోళ్ల ముంగట చేతులు కట్టుకోవాల్నా? గిండ్ల నా కొడుకేడి?"

"పేరు చెప్పండమ్మా, వెతుకుతాను."

"నేను చెప్పరాదు బిడ్డా. మా మామ పేరు."

"మామగారి పేరు కాదండీ, మీ అబ్బాయి పేరు."

"గదే చెప్తున్న. మా మామ పేరు."

"ముందు అబ్బాయిని చూసి, ఆ తరువాత మామగారిని చూద్దామండీ."

నా ఓపికకు నాకే ముచ్చటేసింది. చివరికి కొడుకే టీ కప్పు దింపి "మల్లయ్య" అన్నాడు. వెతికాను. వాళ్ల ఇంటిపేరుతో ఒక్క మల్లయ్యే దొరికాడు. ఆయనకు తొంభై ఏళ్లు.

"ఈన మా మామ. ఇంటికాడ మంచంల పండుకున్నడు. మరి నా కొడుకేడి?"

ఇక్కడ ఆగి ఉండవలసింది. నేను ఆగలేదు.

"సిస్టమ్ ప్రకారం మీ అబ్బాయి లేరండీ" అన్నాను.

అధికారిణి కళ్లద్దాలు తీశారు. సుధాకర్ గారు కళ్లే మూసుకున్నారు. మల్లయ్య తనను తాను కాళ్ల దగ్గర్నుంచి ఒకసారి చూసుకున్నాడు.

"నేను లేకుంటే ఇప్పటిదంక ఛాయ్ ఎవలు తాగిన్రన్నా?"

"తాత పేరు మనవడికి పెడతారు బాబూ" అన్నారు అధికారిణి, నెమ్మదిగా. "నానమ్మ పేరు మనవరాలికి పెడతారు. మీరు తీసేసింది మా జిల్లా పిల్లల్ని."

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. "ఇలాంటి ఆచారాలు మాలాంటి బయటివాళ్లకు ఎలా తెలుస్తాయి మేడమ్?" అన్నాను.

లక్ష్మవ్వ నా వైపు జాలిగా చూసింది. "నీ పేరేంది బిడ్డా?"

"వెంకటసుబ్బయ్య అండీ. ఆఫీసులో వెంకట్ అంటారు."

"జరంత పోరనివి, గింత పెద్ద పేరు ఎవలు పెట్టిన్రు?"

"మా తాతగారి పేరండీ."

ఆ మాట నోరు దాటాక గానీ నా చెవికి చేరలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. సుధాకర్ గారే మెల్లగా కళ్లు తెరిచి, "మల్లయ్య గారికి ఇంకో టీ చెప్పండి" అన్నారు.

తరువాత తీసేసినవాళ్లందరినీ ఎవరి ఊళ్లకు వాళ్లను తిరిగి పంపించాను. తెర తన సలహా వెనక్కి తీసుకుంది, లక్ష్మవ్వ పంచాయతీ నిలిచింది. నా ప్రొబేషన్ మాత్రం పొడిగించారు. ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు నన్ను పేరు పెట్టి ఎందుకు పిలవవు?" అని అడిగాను.

"మీ జేజినాయన పేరు నా నోటితో ఎట్ల పలికేది సామీ? ఇన్నాళ్లకు వచ్చెనా నీకా అనుమానం?" జేజినాయన అంటే మా వైపు నాన్నకు నాన్న, అమ్మకు మామగారు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న మనిషిని లేడని ఈ జన్మలో అనను. అయితే ఒక్క చిక్కుంది. నేను రాసిన ప్రోగ్రాం ప్రకారం మా ఇంట్లో మిగిలే వెంకటసుబ్బయ్య మా జేజినాయన. ఈ ప్రతిజ్ఞ ఆయనే చేయాలి. అడిగి చూశాను. తప్పు నువ్వు చేస్తే ఒట్టు నేనెందుకు పెట్టుకోవాలిరా అంటున్నాడు.