రెండో అంతస్తులో ఉప్పునీళ్లు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అందులో కూడా బేరం ఆడే మనిషిని నేను. "తెల్లచీరా, వెనక్కి తిరిగిన పాదాలూ రెండూ అంటే కుదరదు. పాదాలు తగ్గించు, చీర వరకు నమ్ముతా" అనేదాన్ని. అమీర్‌పేటలో మా నాన్నది మోటారు సామాన్ల కొట్టు. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టేవాళ్లం, నిజమే. మాకది కరెంటు బిల్లు లాంటి ఖర్చు, అంతే. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. మా ఆయన ప్రసాద్ సముద్రంలో ఏమయ్యాడో నాకు తెలియదు. తెలిసినంత వరకు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

ప్రసాద్‌ది కాకినాడ. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఉద్యోగం మానేసి, కొచ్చిలో ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. బేరం నేనే చేశాను. అమ్మేవాడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా తగ్గించాను. అవి ఆనందబాష్పాలని తర్వాత తెలిసింది.

అప్పట్నుంచి పడమటి తీరం వెంట ఆ పడవలోనే మా కాపురం. సముద్రం మీద కాపురమంటే అందరూ సూర్యాస్తమయాలు ఊహించుకుంటారు. మాకు మాత్రం అన్నీ మరమ్మతులే. ఒకరోజు డీజిల్ ఫిల్టరు, ఒకరోజు టాయిలెట్ పంపు, ఇంకోరోజు చిరిగిన తెరచాపకు కుట్లు. అగ్గిపుల్ల వెలగదు. డబ్బాలో ఉప్పు చెమ్మకు కరిగి నీరవుతుంది. రేవు దొరికితే చిన్న రబ్బరు పడవలో వెళ్లి క్యాన్లతో మంచినీళ్లు మోసుకురావాలి.

పొద్దున లేచాక టీ కంటే ముందు ఒక పని ఉండేది. గదిలో నేలపలక ఎత్తి, పడవ అడుగున చేరిన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవాలి. చప్పగా ఉంటే మన మంచినీళ్ల ట్యాంకు కారుతున్నట్టు. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తున్నట్టు. మాకెప్పుడూ ఉప్పే. ఇంజను కడ్డీ పడవ అడుగు దాటి బయటికి పోయే చోట, నీళ్లు రాకుండా జిడ్డు పట్టించిన తాడు చుట్టి బిగిస్తారు. గ్లాండ్ తాడు అంటారు. మాది అరిగిపోయింది. చుక్క చుక్కగా కారేది. రోజూ స్పాంజితో తోడి పారబోసేవాళ్లం.

వేసవి చివర్లో అమ్మకు సోమాజిగూడలో మోకాలి ఆపరేషన్ అయింది. నేను పడవ దిగి హైదరాబాద్ వచ్చాను. కర్ణాటక తీరంలో ఒక నది సముద్రంలో కలిసే చోట లంగరు వేసుకుని ప్రసాద్ ఒక్కడే ఉండిపోయాడు. వానలు మొదలయ్యేలోపు పడవను మరమ్మతు యార్డుకు చేర్చాలి. అంతకంటే ముందు ఆ తాడు మార్చాలి. దాన్ని నేను ఇక్కడ కొని పంపాలి.

పంజాగుట్టలో బోరు మోటార్ల సామాన్లు అమ్మే చాచా నాన్నకు పాత దోస్తు. నేను అడిగింది విని కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఏంది బిడ్డా, సముద్రానికి సుత బోరేస్తున్నరా?"

"సముద్రమే మాకు బోరేస్తుంది చాచా. జర గట్టి తాడు చూపియ్."

ఆ సాయంత్రమే కొరియర్‌లో వేశాను.

మరుసటి పొద్దున మొదలైంది. అమ్మ అద్దెకుండేది అమీర్‌పేటలోనే, రెండో అంతస్తులో. హాలు నడిమధ్యన, రెండు టైల్స్ నడుమ సందులోంచి అరచేతంత మేర నీళ్లు ఊరాయి. తుడిస్తే మళ్లీ వచ్చాయి. తలెత్తి చూస్తే మా సీలింగ్ పొడిగా ఉంది. కిందికి కారుతోందని గొడవ పడతారేమోనని సిద్ధపడి కింది ఫ్లాట్‌కు వెళ్లాను. వాళ్ల సీలింగూ పొడిగానే ఉంది. చేసేది లేక వాళ్లిచ్చిన టీ తాగి పైకొచ్చాను.

అలవాటు కొద్దీ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. బోరునీళ్లు కాదు, నల్లాలో వచ్చే మంజీరా నీళ్లు కాదు. సముద్రం. వెనకాల సన్నగా డీజిల్ వాసన.

ఫోన్ చేసి చెబితే ప్రసాద్ పకపకా నవ్వాడు. "అమీర్‌పేటలో సముద్రమా? ఓనర్‌గారికి చెప్పకు సునీతా, బీచ్ ఉందని అద్దె పెంచేస్తారు." తర్వాత అన్నాడు, "ఇక్కడ మాత్రం చుక్క లేదు, తెలుసా? పలక కింద పొడిగుడ్డతో తుడిచినట్టుంది. నువ్వు దిగాక పడవ బాగుపడింది."

అరిగిన తాడు దానంతటది ఎలా బిగుసుకుంటుందని అడిగాను. నీళ్లలో నాని ఉబ్బిందేమో అన్నాడు.

ఆ తర్వాత రోజూ అదే వరస. ఇక్కడ నీళ్లు, అక్కడ పొడి. అమ్మకు ఇందులో అనుమానమే లేదు. "బల్కంపేట ఎల్లమ్మ తల్లి నీళ్లల్లనే ఉంటది కదనే. మనింటికొచ్చింది. ముయ్యకు బిడ్డా" అంది.

"తల్లి తీర్థం ఉప్పగుంటదా అమ్మా?" అన్నాను. వాకర్‌తో నడిచే మనిషి. ఆ తడి మీద జారితే కొత్త మోకాలు ఏమవుతుందోనన్నదే నా భయం. బోరబండలో ఉండే యాదగిరన్నకు కబురు పెట్టాను. లీకేజీలు మూస్తాడు.

ఆ సాయంత్రం ప్రసాద్ ఫోన్ చేశాడు. తాడు కోసం ఆగడట. పడవ పొడిగా ఉంది, మబ్బులు కమ్ముతున్నాయి, పొద్దున్నే బయల్దేరతాడట.

"తాడు దారిల ఉంది. జర ఆగరాదు?"

"గాలి మారితే వానాకాలమంతా ఇక్కడే ఇరుక్కుపోతాను. చుక్క లేదంటున్నాను కదా."

దారిలో పలక ఎత్తి చూస్తూ ఉండమని మాత్రం చెప్పాను.

మర్నాడు ఆయన లంగరు ఎత్తిన పూటే యాదగిరన్న వచ్చాడు. టైల్ తట్టి చూశాడు, గోడలకు చెవి ఆనించాడు.

"గీడ పైపే లేదక్కా. నీళ్లు యాడికెల్లి వస్తున్నయ్?"

"పైపు లేకుంటే నీకు పని సగమే కదనే. పైసలు సుత సగమే తీసుకో."

"నీతోని గెల్వలేం అక్కా" అంటూనే సందు గీకి, కెమికల్ కూరి, పైన గట్టిగా అదిమాడు. ఊట ఆగింది. నేల తుడిచాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మకు అన్నం పెడుతుండగా ఫోన్ మోగింది. ఇంజను మోతలో ప్రసాద్ అరుస్తున్నాడు.

"సునీతా, నేలపలక తేలుతోంది! పొద్దుట్నుంచీ చుక్క లేదు. ఒక్కసారిగా వచ్చేసింది!"

"పంపు వేసినవా?"

"రెండూ వేశాను. తగ్గట్లేదు."

"రుచి చూసినవా?" ఏం అడుగుతున్నానో నాకే తెలియదు.

"ఉప్పే."

ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

నాన్న పనిముట్ల పెట్టెలోంచి ఉలీ సుత్తీ తీసి నేల మీద కూర్చున్నాను. తీర రక్షణ దళానికీ యార్డుకూ ఫోన్లు చేస్తూనే, మూయించిన సందు మీద కొట్టాను. మంచం మీంచి అమ్మ "తియ్యి బిడ్డా, తియ్యి" అని ఏడుస్తోంది. యాదగిరన్నను మళ్లీ పిలిచాను. ఆయన గుమ్మంలో ఆగిపోయాడు.

"పొద్దుగాల్నే కదా అక్కా ముయ్యమన్నవ్?"

"పగలగొట్టు అన్నా. ఎంతడిగితే అంత ఇస్తా." నా నోట ఆ మాట విని ఆయన భయపడ్డాడు. సుత్తి అందుకుని పగలగొట్టాడు. టైల్ కింద పొడి ఇసుక. దాని కింద పొడి స్లాబు. ఎక్కడా చెమ్మ లేదు.

తీర రక్షణ దళం వాళ్లు వెతికారు. జాలర్లు వెతికారు. రబ్బరు పడవ బోర్లా తేలుతూ దొరికింది. పెద్ద పడవ దొరకలేదు, ప్రసాద్ దొరకలేదు. నేను పంపిన తాడు మాత్రం ఆ ఊరికి భద్రంగా చేరింది.

నెలల తరబడి సముద్రంలో ఉండి నా నాలుకే పాడైందేమో అని ఆలోచించాను. అమ్మ కూడా రుచి చూసింది, ఉప్పేనంది. గోడల్లో ఉండే లవణమన్నారు తెలిసినవాళ్లు. లవణానికి డీజిల్ వాసన ఉండదు. పాత తాడు నాని కొన్నాళ్లు ఆగిందనీ, ఇంజను వేగానికి విడిపోయిందనీ యార్డులో మేస్త్రీ చెప్పాడు. అది నిజమే కావచ్చు. నిజమే కావాలని రోజూ కోరుకుంటాను. అదే నిజమైతే అమ్మ ఇంట్లో ఊరిన నీళ్లు వట్టి నీళ్లే.

నిన్న కాకినాడ నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు. ఆవిడ ఏడుపు దాటిపోయారు. చాలా నెమ్మదిగా అడిగారు, "కర్మ చేయించడానికి ఏ తిథని చెప్పమంటావమ్మా? పంతులుగారు అడుగుతున్నారు."

ఆయన ఏ రోజు పోయాడో, అసలు పోయాడో లేదో నాకు తెలియదు. నేను ఖచ్చితంగా చెప్పగలిగిన రోజు ఒక్కటే ఉంది, ఆ సందు మూయించిన రోజు. అది చెబితే ఆయన పోయాడని ఒప్పుకున్నట్టు. ఎలా పోయాడో కూడా ఒప్పుకున్నట్టే.

"అమ్మా, ఉన్నావా?" అని అత్తగారు అటువైపు నుంచి రెండుసార్లు పిలిచారు.