అన్నకు బదులు నేను మాట్లాడిన ఆదివారం

మొన్న సాయంత్రం మా అమ్మాయి ఫోనులో ఏదో ఆట ఆడుకుంటూ, తెర మీద వరుసగా కనిపిస్తున్న నాలుగు వాక్యాలు నాకు చూపించి, ఈ కోట కాపలావాడి మనసు మారాలంటే వీటిలో ఏది చెబితే బాగుంటుందని అడిగింది. కళ్ళద్దాలు సరిచేసుకుని నాలుగూ చదివాను గానీ, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి వచ్చి కూర్చున్నాను. ఆ పిల్లకు తెలియదు, అలాంటి ఆటల దగ్గర నేను ఒకప్పుడు రోజూ గంటల తరబడి కూర్చున్నవాణ్ణేనని.

రెండువేల ఒకటి, రెండు ప్రాంతంలో నంద్యాలలో కంప్యూటరు నేర్చుకున్నవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మందుల అంగడి పైన ఇరుకు మెట్లెక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడిలోకి పోయినంత భక్తిగా లోపలికి పోయేవాళ్ళం. అలాంటి ఒక సెంటరులోనే నేనూ, మా పెదనాయన కొడుకూ పాఠాలు చెప్పేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, నాకంటే పది రెట్లు తెలిసినవాడు. అయినా బోర్డు దగ్గర నిలబడి చెప్పే పని నాది, పిల్లల వెనుక నిలబడి తప్పు దిద్దే పని మా అన్నది. అన్నకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది, మెడ నరాలు ఉబ్బేవి, చివరికి చేత్తోనే ఏదో చూపించి ఊరుకునేవాడు.

అలాంటి ఆట సీడీ ఒకటి అన్నే కర్నూలు నుంచి తెచ్చాడు. ఆఖరి బ్యాచి పోయాక ఇద్దరం ఒకే కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళం. ఆట మొదట్లో మన మనిషికి కొన్ని పాయింట్లు ఇస్తారు. బలానికి ఎన్ని, కత్తికి ఎన్ని, మాటనేర్పుకి ఎన్ని అన్నది మనమే పంచుకోవాలి. నేనైతే కత్తికి పెట్టేవాణ్ణి. అన్న అన్నీ తెచ్చి మాటనేర్పులో పోసేవాడు. దారిలో ఎవరైనా అడ్డం వస్తే మనం చెప్పగలిగిన మాటలు కింద వరుసగా కనిపిస్తాయి. నా మనిషికి బెదిరించడమో, లంచమివ్వడమో, వెనక్కి తిరగడమో తప్ప మరో దారి ఉండేది కాదు. అన్న మనిషికి మాత్రం ఇంకొక వాక్యం అదనంగా తెరుచుకునేది, దానితో కత్తి దూసినవాడు కత్తి దించేవాడు. అదీ ప్రతిసారీ పారేది కాదు. ఎదుటివాడికి ముందే మన మీద మనసు విరిగి ఉంటే ఎంత నేర్పున్నా తల అడ్డంగా ఊపేవాడు. అందుకని అన్న ఎవరితోనైనా మాట మొదలుపెట్టే ముందు ఆటను సేవ్ చేసుకునేవాడు. మాట వికటిస్తే మళ్ళీ అక్కడి నుంచే మొదలు. ఒకసారి రెండు ఊళ్ళ పగ మాటలతోనే తీర్చేసి, నా వైపు తిరిగి నవ్వుతూ, “ఈ... ఈడ నాకు నత్తి లేదురా” అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎందుకంటే అదే వేళకు ఇంట్లో వదిన ఒంటరిగా కూర్చుని ఉండేది. వదినది ఆళ్లగడ్డ, బడిపంతులు కూతురు. పెళ్ళయి మూడేళ్ళు. అందరి దగ్గరకంటే వదిన దగ్గరే అన్నకు మాట ఎక్కువ తడబడేది, అందువల్ల అసలు మాట్లాడటమే తగ్గించుకున్నాడు. తిట్టింది లేదు, కొట్టింది లేదు. ఇల్లంతా మాట లేకుండా పడి ఉండేది. వాళ్ళమ్మకు ఒళ్ళు బాగాలేదని పుట్టింటికి వెళ్ళిన వదిన, ఆమెకు నయమైనా తిరిగి రాలేదు. ఆరు నెలలు గడిచాయి. ఆళ్లగడ్డలోనే ఒక బడిలో పంతులమ్మగా చేరిందని తెలిసింది.

చివరికి ఇద్దరం వెళ్ళి పిలుచుకు వద్దామనుకున్నాం. వదినతో ఏం చెప్పాలో పాత ప్రశ్నపత్రం వెనుక నాలుగు రకాలుగా రాశాను. సెంటరులో ఎవరూ లేనప్పుడు అన్న వాటిని పైకి చదివి, మూడోదాన్ని ఎంచుకున్నాడు. “నువ్వు లేక ఇల్లు ఇల్లు మాదిరి లేదు, పోదాం రా.” అంతే. నాలుగైదు సార్లకు తడబడకుండా వచ్చింది. ఆదివారం బస్సులో శిరివెళ్ల దాటేవరకూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఆ తరువాత కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాడు.

వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. వదిన నాయన మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది. అన్న లేచి నిలబడి, “నువ్వు... నువ్వు లే... లే...” అని అక్కడే ఆగిపోయాడు. వదిన కళ్ళు అన్న ముఖం మీది నుంచి కదలలేదు. అన్న పరువు పోతోందని, నేనే అందుకుని మాట్లాడేశాను. బాగా మాట్లాడాను. అన్న ఎంత మంచివాడో, ఎంత కుమిలిపోతున్నాడో, లోపల ఎంత ప్రేమ ఉందో, అన్నీ చెప్పాను. వదిన వాళ్ళమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

వదిన మాత్రం నేను ముగించేదాకా ఆగి, మెల్లగా అంది. “నీకు మాట బాగ వచ్చప్పా. మూడేండ్లు ఆయన నోటి మాట కోసరమే చూసినా. నత్తిగానన్నా చెప్తాడని ఇప్పుడు గూడా నిలబడి చూస్తాంటి. నువ్వు చెప్పనిస్తివా?” ఆ తరువాత అన్న వైపు తిరిగి, “నువ్వన్నా వాన్ని ఆపింటే నీ ఎమ్మట వచ్చేదాన్నేమో” అని లోపలికి వెళ్ళిపోయింది.

అన్న చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. కాసేపటికి వదిన నాయన, బస్సు పోతుందేమో చూసుకోమన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వద్దామనీ, ఈసారి నేను బయటే ఉంటాననీ బస్సులో అన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ వెళ్ళలేదు. వదినా రాలేదు.

కొన్నాళ్ళకు సెంటరు మూతపడింది. అన్న పాణ్యం దగ్గర లారీలు తూచే కాటా మీద పనికి కుదిరాడు. చీటీ రాసిచ్చే పని, నోటితో అవసరం లేనిది. ఇప్పటికీ అక్కడే, ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు నత్తి ఉన్నవాళ్ళకు మాట నేర్పించేవాళ్ళున్నారు, పిల్లలకు మాట తడబడితే తల్లిదండ్రులు చిన్నప్పుడే తీసుకుపోతున్నారు, చూస్తే సంతోషమే. మా ఇంట్లో పెద్దా చిన్నా అందరం అన్న మాట సగంలో ఉండగానే మిగతా సగం మేమే అందించేవాళ్ళం, అదే ప్రేమ అనుకున్నాం. నెలకోసారి వెళ్ళి అన్న ఎదుట కూర్చుంటాను. ఎంతసేపైనా నోరు మూసుకుని కూర్చోవడం ఈ వయసుకు నేర్చుకున్నాను. అన్న మాత్రం మాట మొదలుపెట్టడమే మానేశాడు.