మందిచ్చే ముందు తాత అడిగే కార్డు

మా పక్కింటి పిల్లకు ఆరేళ్ళు. దాని ప్రాణం నా చేతిరాత మీద ఆధారపడి ఉందని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నేను పిరికిదాన్ని మాత్రం కాదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది మా గూడెం. అక్కడ నేను ఆశా కార్యకర్తను. ఎలుగుబంటి ఎదురుపడిన దారిలోనే మర్నాడు మళ్ళీ నడిచి వెళ్ళాను. క్యాంపు పోలీసులు డబ్బా తెరవమంటే, "టీకాలున్నయి, చెడిపోతే మీరు పూచీ ఉంటరా?" అని గద్దించాను. దీనికి నోరెక్కువ అని ఊరంతా అంటారు. ఎక్కువే, కాదనను. ఆ నోరే ఈ సంగతిలో చాలా రోజులు పెగల్లేదు.

ఇదంతా నా రెండో కాన్పుతో మొదలైంది. అప్పుడు నాకు ఒంట్లో రక్తం లేదు. వేలికి సూది గుచ్చి చూస్తే ఆరున్నర, పదకొండు ఉండాల్సింది. నర్సమ్మ నమ్మలేక ఇంకో వేలు గుచ్చింది, అక్కడా అంతే. ఊరందరికీ ఐరన్ మాత్రలు పంచేదాన్ని నేనే గానీ, నేను మింగితే పావుగంటలో వాంతి. "మింగుతున్నవా?" అంటే "మింగుతున్న" అనేదాన్ని. అబద్ధమేం కాదు, మింగుతూనే ఉన్నాను, కడుపులో నిలవటం లేదంతే. పొద్దస్తమానం పచ్చి బియ్యం బొక్కేదాన్ని. తడిసిన మట్టిగోడ వాసన వస్తే నోట్లో నీళ్ళూరేవి. ఎవరూ లేనప్పుడు గోడ గీకి తిన్నాను కూడా. సిగ్గు లేదా అంటే, అప్పుడు లేదు.

మా అక్క కాన్పులోనే పోయింది. దానికీ ఇలాగే రక్తం లేదు. వాగు నిండుగా పారుతుంటే మంచం మీద మోసుకెళ్ళారు. అంబులెన్సు అవతలి గట్టు మీద ఆగి ఉంది, ఇవతలి గట్టు మీద అక్క చేయి నా చేతిలో చల్లబడింది. నా నెలలు లెక్కపెట్టుకుంటే నా కాన్పు కూడా సరిగ్గా వాగు పొంగే రోజుల్లోనే వస్తోంది. లెక్క తప్పిందేమోనని మళ్ళీ మళ్ళీ వేళ్ళు మడిచేదాన్ని. లెక్క తప్పలేదు.

నా అవస్థ చూడలేక మా అత్తమ్మ నన్ను మండూరం తాత దగ్గరికి తీసుకెళ్ళింది. మండూరం అంటే ఇనుప చిట్టెం. పూర్వం అడవిలో ఇనుము కరిగించినవాళ్ళు పారబోసిన మడ్డి. ఇప్పటికీ కొన్నిచోట్ల నల్లగా, బరువుగా, రాళ్ళలాగా పడి ఉంటుంది. ఎంత పాతదైతే మందుకు అంత మంచిదట. తాత దాన్ని ఏరుకొచ్చి, ఎర్రగా కాల్చి ఆవు పంచితంలో ముంచుతాడు. మళ్ళీ కాల్చుతాడు, మళ్ళీ ముంచుతాడు. పెళుసెక్కాక దంచి, త్రిఫల కషాయం పోసి నూరి, బిళ్ళలు చేసి మూకుళ్ళలో పెట్టి, అంచులకు మట్టి మెత్తి, పిడకల గుంటలో పుటం వేస్తాడు. ఒకసారి కాదు, ఆయనకు నచ్చేదాకా. చివరికి ఎర్రమట్టి రంగులో మెత్తని పొడి తేలుతుంది. నీళ్ళ మీద చల్లితే మునగకూడదు. వేళ్ళతో రుద్దితే గీతల్లోకి ఇంకిపోవాలి. నాలుక మీద ఇనుము రుచి తగలకూడదు.

నాకు మాత్రం ఆ పొడి చూడగానే భయమేసింది. ఇలాంటి మందుల్లో సీసం ఉండొచ్చు, పాదరసం ఉండొచ్చు అని ట్రైనింగులో చెప్పారు. ఉత్త మనిషిని కాదు, లోపల బిడ్డ ఉంది. మొహమాటం లేకుండా అడిగేశాను.

"ఇందుల సీసం గిట్ల కలపలేదు గద తాతా?"

"కలిపేటోడు నీకు చెప్తడా బిడ్డా?" అని నవ్వాడు. "నన్ను నమ్మకు. నీళ్ళల్ల ఏసి చూడు. మునిగిందా, నా మొకాన కొట్టు."

గిన్నెలో వేసి చూశాను. తేలింది. అయినా నా భయం పోలేదు. తేలినంత మాత్రాన సీసం లేదని ఎవరు చెప్పగలరు? అదే తాతను అడిగాను. "నా చేతితోని చేసిన, వేరేది కలపలేదు, గంతే చెప్పగల్గుత," అన్నాడు. "దవాఖానా మాత్ర బంజెయ్యమని నేనంటలేను. నీకు నిలుస్తలేదు గాబట్టి ఇది మజ్జిగల కలుపుకొని తాగు. నెలకోపాలి రక్తం చూపిచ్చుకో. పెరగకపోతే నా దగ్గరికి రాకు, జల్దీ భద్రాచలం పో."

పొట్లం కట్టబోతూ చేయి చాపాడు. "సికిల్ సెల్ కార్డు తెచ్చినవా?"

సికిల్ సెల్ అంటే మా అడవి ఊళ్ళలో ఎక్కువగా కనపడే జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి, అమ్మానాన్నల నుంచి పిల్లలకు వస్తుంది. ఆ జబ్బున్నవాళ్ళు కూడా పాలిపోతారు, నీరసపడతారు, కాళ్ళూ కీళ్ళూ నొప్పులంటారు. చూసేవాళ్ళకు రక్తం తక్కువైందనే అనిపిస్తుంది. కానీ వాళ్ళ లోటు ఇనుము కాదు. అవసరం లేకుండా ఇనుము పోస్తే ఒంట్లో పేరుకుంటుంది, అసలు వైద్యం అందక రోజులు గడిచిపోతాయి. ఆ సంగతి తెలియని రోజుల్లో తాత ఒక పిల్లవాడికి మండూరం ఇచ్చాడు. పిల్లవాడు దక్కలేదు. అది మందు వల్లనో జబ్బు వల్లనో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి, కార్డులు వచ్చాయి. కార్డు చూడనిదే తాత ఎంత దగ్గరివాళ్ళకైనా చిటికెడు పొడి ఇవ్వడు.

కార్డు ఇచ్చాను. "లేదు" అని రాసి ఉంది. ఆ రాత నాదే, ఆ పరీక్ష మాత్రం జరగలేదు.

మా ఊళ్ళో పరీక్షల క్యాంపు పెట్టిన రోజు పొద్దుటి నుంచి వేళ్ళు గుచ్చుతూనే ఉన్నాం. చివరికి మా వరుస ఇళ్ళవాళ్ళు మిగిలారు. పదకొండు మందిమి, నాతో కలిపి. పరీక్ష మందు అయిపోయింది. రేపు వస్తామని జీపు వెళ్ళిపోయింది. ఆ రేపు వాన పడి దారి తెగింది. వారం తిరిగేసరికి పైనుంచి ఫోను: మీ ఊరు ఇంకా పూర్తి కాలేదేంటి? నేను ఆ పదకొండు మంది మొహాలూ మనసులో చూసుకున్నాను. అందరూ నడుస్తున్నారు, తింటున్నారు, కొట్లాడుకుంటున్నారు. వీళ్ళకేం జబ్బు అనుకున్నాను. పెన్ను తీసి పదకొండు కార్డుల మీదా "లేదు" అని రాసి పడేశాను. చేతులు విరిగిపోను, ఎంత సులువుగా రాశానో!

తాత ఆ కార్డు చూసి తృప్తిగా తలూపి పొట్లం నా చేతిలో పెట్టాడు. రోజూ మజ్జిగలో కలుపుకుని, ఇది నాకు మందో విషమో తెలియక కళ్ళు మూసుకుని తాగేదాన్ని. మోకాలు కాస్త నొప్పి పెడితే చాలు, ఆ జబ్బేనేమోనని చెమటలు పట్టేవి. పరీక్ష చేయించుకోవచ్చు కదా అంటారా? మొదటి కార్డు ఎవరు రాశారని అడిగితే ఏం చెప్పను?

మందు మాత్రం పనిచేసింది. మూడో వారానికి బియ్యం డబ్బా వైపు చూపు పోలేదు. పాదాల వాపు తీసింది. గట్టు ఎక్కితే గుండె దడ తగ్గింది. నెల తిరిగాక చూస్తే ఎనిమిది, ఆ పై నెల తొమ్మిది దాటింది. వాగు పొంగకముందే భద్రాచలం వెళ్ళి, దవాఖానాలో కాన్పయ్యాను. అక్కడ వాళ్ళంతట వాళ్ళే నాకు సికిల్ సెల్ పరీక్ష చేశారు. లేదన్నారు. మంచం మీదే దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను. ఏడ్చి, కార్డుల సంగతి అక్కడితో వదిలేశాను.

వదిలేసి ఊరుకున్నానా? లేదు. మండూరం నన్ను బతికించిందని ఊరంతా చెప్పాను.

నా కొడుక్కు నడక వచ్చిన రోజుల్లో పక్కింటామె చాట చెరుగుతూ చెప్పింది. ఆమె నాకన్నా చిన్నది, నన్ను అక్కా అంటుంది. "పెద్దపిల్ల తెల్లగ పాలిపోతున్నదని తాత దగ్గరికి తీస్కపోయిన అక్కా. నీకు మంచిగైంది గద. మూడు వారాలాయె ఏస్తున్న."

ఆమె చేతిలో చాట పట్టుకుని ఆపాను. "తాత కార్డు అడగలేదా?"

"అడగకుంటెట్ల ఇస్తడు? నువ్విచ్చిన కార్డు చూపిచ్చిన. లేదని ఉన్నది గద."

పిల్ల అరుగు మీద కూర్చుని కాళ్ళు పట్టుకుని ఉంది. పిలిచి కనురెప్ప కిందికి లాగి చూశాను. మూడు వారాలకు ఎర్రబడాల్సింది, తెల్లగానే ఉంది. కంటి గుడ్డు మాత్రం పసుపు తిరిగింది. "కాళ్ళల్ల కొడుతున్నట్టు ఉంటది పెద్దమ్మా," అంది. చెప్పేయాల్సింది, అప్పుడే అక్కడే. చెప్పలేదు. "మందు ఆపు, అందరికీ మళ్ళ పరీక్షలు చేస్తున్నరు," అని ఇంకో అబద్ధమాడి తాత దగ్గరికి పరుగెత్తాను.

తాతకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. చేతిలో ఉన్న మందు నూరే కల్వం బండ కింద పెట్టాడు.

"నేను డాక్టరు సదువు సదవలేదు బిడ్డా," అన్నాడు. "కండ్లు చూసి, నాలిక చూసి చెప్పేటోణ్ణి. ఒక పోరడు పోయినంక నా కండ్లను నేను నమ్ముడు బంజేసిన. నీ రాతను నమ్మిన."

మర్నాడే నర్సమ్మతో పిల్ల రక్తం తీయించి భద్రాచలం పంపించాను. కాగితం వచ్చేదాకా ఆ ఆరు రోజులూ పిల్ల దగ్గినా, నిద్రలో మూలిగినా గోడ ఇవతల నాకు వినపడేది. నా పిల్లలకు అన్నం కలిపి పెడుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. దేవుళ్ళందరికీ మొక్కాను. ఆ పిల్లకు లేకుండా చూడమని మొక్కానో, నా తప్పు బయటపడకుండా చూడమని మొక్కానో ఇప్పటికీ తేల్చుకోలేను.

పిల్లకు జబ్బు ఉంది. పిల్లను తీసుకుని తల్లితో పాటు నేనూ భద్రాచలం దవాఖానాకు వెళ్ళాను. డాక్టరమ్మ మాత్రలు రాసింది, నీళ్ళు బాగా తాగించమంది, చలి తగలనివ్వద్దంది, జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగొద్దంది. "క్యాంపు అప్పుడే తెలిసుంటే ఇన్ని రోజులు పిల్ల నొప్పి పడేది కాదు. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో," అంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల తల్లి ఒళ్ళో పడుకుంది. కాళ్ళు నా ఒళ్ళో పెట్టింది. దారి పొడుగునా ఆ కాళ్ళు పిసుకుతూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి పిల్లను పడుకోబెట్టాక ఆమె అడిగింది, కోపంగా కాదు, అర్థం కాక అడిగింది. "మరి కార్డుల లేదని ఉండె గద అక్కా?"

"పరీక్ష చెయ్యలేదు," అన్నాను. "నేనే రాసిన."

ఆమె నా మొహం చూసింది. కొడుతుందేమో, ఊరంతా పిలుస్తుందేమో అనుకున్నాను. అదేమీ చేయలేదు. లోపలికి వెళ్ళి, రేకుపెట్టె మూత తీసి, మిగిలిన ఇద్దరు పిల్లల కార్డులు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవి?" అంది.