దొరసామి మామ ఎక్కని మెట్లు

మీ పేరు ఓటర్ల జాబితాలో ఉందని మీకెలా తెలుసు? చూశారా, ఉంటుందిలే అనుకున్నారా?

నిన్న పొద్దున మా ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు మూడో అంతస్తు దాకా వచ్చి ఆగింది. తపాలా తెచ్చిన అమ్మాయి రొప్పుతూ కవరు చేతికిచ్చింది. ఆ చప్పుడు వింటే నాకు దొరసామి మామ గుర్తొస్తాడు. చింతాద్రిపేటలో మా కింది వాటాలో ఉండేవాడు. ఆ వీధుల్లోనే ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. కాలేజీ రోజుల్లో నేను హేతువాద సభల్లో గొంతు చించుకుని వచ్చి, ఆ రోజు ఎవరిని ఓడించానో ఆయనకు చెప్పేదాన్ని. ఆయన ఒకటే అడిగేవాడు. "అది సరే అమ్మణ్ణీ, మెట్లెక్కి చూసినావా, కింద నిలబడే చెప్తాండావా?" నాకు ఒళ్లు మండేది. దేవుళ్లనే రుజువు అడిగేదాన్ని, నన్ను ఈయన అడగడమేమిటి?

ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చాలా ఏళ్ల తర్వాత, ఓటర్ల జాబితా సవరిస్తున్నప్పుడు తెలిసింది. పక్క మేడ మూడో అంతస్తులో జాకెట్లు కుట్టే కన్నమ్మ పేరు జాబితాలోంచి పోయింది. ఎన్నికల ఆఫీసు పంపిన నోటీసు "ఇల్లు మారారు" అన్న పోస్టుమాన్ రాతతో తిరిగి వెళ్లిందట. కన్నమ్మ కుట్టు మిషను ముందు నుంచి కదిలే మనిషే కాదు. అభ్యంతరం చెప్పడానికి బుధవారం ఆఖరి రోజు.

ఆ ఆదివారం మా వీధి కల్యాణ మండపంలో ఎంపీ సభ. "తపాలా సంచీ దగ్గర్నుంచి ఓటు పెట్టె దాకా నేనే దగ్గరుండి కాపలా కాస్తా. నన్ను నమ్మండి!" అన్నాడాయన. చప్పట్లు మోగాయి.

మామ లేచాడు. "ఏ రోజు కాస్తావు సామీ?"

"ఏయ్ పెరుసు, ముసలోడా, కూసో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"తిరిగొచ్చిన కవర్లు ఆఫీసులో కట్ట కట్టి ఉంటాయి. అవి పట్టుకోని ఇంటింటికీ పోయి చూస్తావా? ఏ రోజు?"

ఎంపీ నవ్వాడు. "మన పోస్టుమాన్ తమ్ముళ్లు అబద్ధం రాస్తారంటావా, అయ్యా?"

హాలంతా నవ్వింది. ఇద్దరు కార్యకర్తలు వచ్చి మామ రెక్కలు పట్టుకున్నారు. రెండో వరసలో ఉన్న నేను, అన్ని సభలు గెలిచిన నేను, కుర్చీలోంచి లేవలేదు.

"రాస్తారు. నేనే రాసినా," అన్నాడు మామ. "మోకాళ్ల నొప్పి. మూడంతస్తులు ఎక్కలేక, కింద నిలబడి ఒక కవరు మీద ఇల్లు మారినారని రాసి సంతకం పెట్టినా. ఆ కవర్లో ఒక ఆడబిడ్డకు ఉద్యోగం ఉండాది. ఆ పిల్ల ఆడనే, పైనే ఉండాది. నన్నూ అందరూ నమ్మినారు సామీ."

రెక్కలు పట్టిన చేతులు వదులయ్యాయి. ఎంపీ మైకు సర్దుకుని, "మంగళవారం పొద్దున నేనే వస్తా," అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం దాకా కన్నమ్మ మేడ మెట్ల కింద నిలబడ్డాం. ఎవరూ రాలేదు. "ఇంక రాడులే. పద అమ్మణ్ణీ," అని మామ కమ్మీ పట్టుకున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ప్రతి మలుపులో ఆగి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కాడు. పైకొచ్చి, కన్నమ్మ మిషను బల్ల మీదే కాగితం పెట్టి రాశాడు. "ఈమె ఇక్కడే ఉంది. నేను ఎక్కి చూశాను." ఆయన సంతకం కింద నా సంతకం. మర్నాడు దాన్ని దరఖాస్తుతో ఇచ్చాం. కన్నమ్మ పేరు మళ్లీ జాబితాలోకి వచ్చింది. కట్టలో మిగిలిన కవర్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మామ పోయాడు. ఇప్పటికీ ఏదైనా రాసి కలం మూయబోయే ముందు ఆయన ప్రశ్న అడ్డం పడుతుంది. కింద నిలబడి రాసినవి ఎన్నో చింపేశాను.

ఇది చదవడం ఆపి, జాబితా తెరిచి మీ పేరు చూడండి. మీ పై అంతస్తు వాళ్ల పేరూ చూడండి. లేకపోతే మెట్లెక్కి తలుపు తట్టండి. ఈసారి మీ ఎంపీ కాపలా కాస్తానంటే చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి, ఏ రోజో అడగండి.