పువ్వు రివెట్లు

సౌదీలో విదేశీ పనివాళ్ల మీద లెవీ పన్నులు పెరిగిన రోజులవి. తబూక్ నుంచి జెద్దా వెళ్లే బస్సులో నా పక్క సీటాయన జగిత్యాల వైపు మెకానిక్. పనికి పెట్టుకున్న కఫీల్ ఎగ్జిట్ వీసా కొట్టి పంపేస్తే ఇంటికి పోతున్నాడు. ఏమైందని అడిగాను.

"మా కఫీల్ పాత అమెరికా బండి అమ్మకానికి పెట్టిండు సార్. కంపెనీల తయారైన అసలు రేసు మోడలే అన్నడు. ఛాసిస్ నంబరు రేకుకు కంపెనీ కొట్టిన రివెట్లయితే పువ్వు లెక్క ఉంటయి. దీనికి మామూలువి, అంటే రేకు తర్వాత మార్చిందే. కొనెటాయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిన, ఉత్త బండికి రేసు ఇంజన్ ఎక్కించిండ్రని."

"అయితే కొనలేదా?"

"కొన్నడు. లెవీ తప్పుతదని కఫీల్ నా ఇఖామా కార్డుల గొర్ల కాపరి అని రాయించిండు. అదే గుంజుకొని కొనెటాయనకు చూపెట్టిండు. 'గొర్లు కాసెటోనికి బండ్ల సంగతేం ఎరుక?' అన్నడు. ఇద్దరూ నవ్విండ్రు. తెల్లారి నాకు ఎగ్జిట్."

నాకూ నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి మింగేశాను.

"మీరేం పని జేస్తరు సార్?"

నా ఇఖామాలో ఇంజనీరని ఉంది. చేసేది స్టోరు తాళాలు తీసి వేసే పని. నట్టుకూ బోల్టుకూ తేడా అడిగితే తడుముకుంటాను.

"ఇంజనీర్ని," అన్నాను.

ఆయన మర్యాదగా కిటికీ వైపు ఒదిగి, నాకు ఇంకొంచెం చోటిచ్చాడు.