గోడ కింద నుయ్యి

పద్దెనిమిది వందల తొంభై దాటిన కొత్తలో నన్ను నరసాపురానికి సబ్ రిజిస్ట్రారుగా వేశారు. అంతకు ముందు రాజమండ్రిలో గుమాస్తాగా దస్తావేజులకు నకళ్లు రాసి రాసి వేళ్లు కాయలు కాసిపోయాయి. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, రాజుల్ని, రైతుల్ని, షావుకార్లను, వాళ్ల అబద్ధాలను కావలసినంత చూశాను. ఇన్నేళ్లలో అందరికన్నా ఎక్కువగా గౌరవించిన మనిషి ముఖం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె మొగల్తూరులో ఘోషాలో ఉండే రాజుల ఆడపడుచు, వెంకట నరసాయమ్మగారు.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. ఇల్లు రిజిస్ట్రీ అయితే దాని మీద హక్కును సర్కారు ఖాయం చేసిందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది వట్టి భ్రమ. ఇల్లు ఎవరిదో తేల్చడం కోర్టు పని. ఎదుట ఉన్నది దస్తావేజు రాసిచ్చిన మనిషేనా, సంతకమూ దాని పైన రాతా తనవేనని ఒప్పుకుంటున్నాడా, ఇంతవరకే మా పని. ఒప్పుకుంటే నమోదు చేస్తాం. కాదంటే కారణం రాసి తిరస్కరిస్తాం. సొమ్ము మా ఎదుట చేతులు మారితే ఆ సంగతి కూడా రాస్తాం. మనిషిని మేము ఎరగకపోతే, ఎరిగినవారు వచ్చి గుర్తుపట్టాలి. వారిని గుర్తింపు సాక్షులంటారు. ఘోషా స్త్రీలు, మంచం పట్టినవారు కచేరీకి రానక్కరలేదు. అర్జీ పెట్టి రుసుము కడితే మేమే వారి ఇంటికి వెళ్లాలి.

అలాంటి అర్జీ ఒకటి వేసవిలో వచ్చింది. ఏటా మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే నెల అది. పడవలన్నీ బురదలో కూర్చున్నాయి, ఎడ్లబండే గతి. బండిలో మొగల్తూరు చేరేసరికి నా నడుము నాది కాకుండా పోయింది.

నరసాయమ్మగారు వితంతువు. తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. రాజమండ్రిలో చెల్లెలి ఇంటి పక్కన చేరి, గోదావరి స్నానాలతో శేషజీవితం గడుపుకోవాలని ఆమె కోరిక. అందుకు ఈ ఇల్లు అమ్మాలి. ఉప్పుగాలికి గోడలు పెచ్చులూడుతున్న ఇంటికి కొనేవాళ్లు ఎవరు? చాలాకాలానికి నరసాపురం ధాన్యం వర్తకుడు వరహాలయ్య ముందుకు వచ్చాడు. బేరం కుదిర్చింది ఆమె మరిది కొడుకు రామభద్రరాజు. గుర్తింపు సాక్షి కూడా ఆయనే.

నేను మిషను బడి పంతులు కొడుకును, కిరస్తానీ వాణ్ణి. అలాంటి ఇళ్లలో నాకు వీధి అరుగు మీదే కుర్చీ వేస్తారని తెలుసు, అక్కడే వేశారు కూడా. లోపలి సావడిలో తెర కట్టి ఉంది. నేను పేరు అడిగితే ఏదో గొణుగుడులా వినిపించింది. గట్టిగా చెప్పమని రామభద్రరాజు చేత కబురు చేశాను. వెంటనే లోపలినుంచి స్పష్టంగా మాట వచ్చింది.

“వినపడని చోట కూర్చుని ఆయన ఏం రాసుకుంటారు? కుర్చీ లోపల వేయండి.”

రామభద్రరాజు ముఖం ముడుచుకున్నాడు. కుర్చీ మాత్రం సావడిలోకి వచ్చింది. ఆ ఇంట్లో మాట ఎవరిదో నాకు అప్పుడే తెలిసింది.

తెర వెనకనుంచి సాధారణంగా మాకు వచ్చే జవాబు “ఆ” అన్న ఒక్క అక్షరం. ఏమి అడిగినా అదే. పక్కన ఎవరో మోచేత్తో పొడిస్తే వచ్చే “ఆ”లు కూడా నేను విన్నాను. నరసాయమ్మగారు అలా కాదు. సంతకం తనదేనని, అయితే తనకు నాలుగు ముక్కలే చదివి వినిపించారని, మొత్తం చదవమని అడిగారు. చదివాను.

మన దస్తావేజు లేఖరుల సంగతి తెలిసిందే. చేటంత స్థలం అమ్మినా “నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగములతో” అని రాయనిదే వాళ్లకు కలం ఆగదు. పాతిపెట్టిన నిధి మొదలుకొని నీళ్లు, రాళ్లు, ఇప్పుడున్నవి, ఇకముందు కలగబోయేవి, హద్దుల మధ్య ఉన్న సమస్తమూ కొన్నవాడివేనని దాని అర్థం. తాత రాశాడని తండ్రి, తండ్రి రాశాడని కొడుకు రాసుకుంటూ పోతారు. అమ్మేవాళ్లు అది ఏదో మంత్రం అనుకుని చేతులు జోడిస్తారు. నరసాయమ్మగారు ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పమన్నారు. చెప్పాను.

“దక్షిణం హద్దు ఎందాకా రాశారండి?”

కాలువ గట్టు దాకా అన్నాను.

“అయితే అందులో పోలమ్మ ఇల్లు ఉంది. పెరటి నుయ్యి కూడా ఉంది. ఆ ఇల్లు నాది కాదు, నుయ్యి సగమే నాది. నాది కానిది నేనెలా అమ్ముతానండి?”

పోలమ్మ చేపలు పట్టే పల్లెవారి మనిషి. ఆమె మామ పూర్వం ఆ ఇంటివారి పడవ నడిపేవాడు. నరసాయమ్మగారి తండ్రి కాలువ గట్టు మూల అతనికి చోటు ఇచ్చాడు. మా వైపు నేల ఒకరిది, ఇల్లు ఒకరిది కావడం వింత కాదు. ఇల్లు కట్టుకున్నవాడు నేలకు ఏటా ఏదో కొంత అద్దె ముట్టజెప్పి, తన రాటలు తాను పాతుకుని, తన తాటాకు తాను కప్పుకుంటాడు. ఇవన్నీ నోటిమాట మీద నడిచేవే, కాగితం ఉండదు. కాగితం లేనివాడి ఇల్లు అష్టభోగాలలో ఇట్టే కలిసిపోతుంది.

సావడి గుమ్మం దగ్గర నిలబడిన వరహాలయ్యకు కావలసింది అసలు ఆ మూలే. గట్టు మీద ధాన్యం కొట్టు కడితే బస్తాలు తిన్నగా పడవలోకి దించవచ్చు.

“తాటాకులూ, నాలుగు రాటలూ, అదీ ఒక ఇల్లేనా అండి అమ్మగారూ? స్థలం మీదైతే దానిమీద ఉన్నదీ మీదే కదండీ. వాళ్లనెలా లేపాలో నేను చూసుకుంటానండి.”

“కాలువ వాళ్ల గుమ్మం ముందు పారినన్నాళ్లూ వాళ్లని లేపకూడదని మా నాన్నగారు మాట ఇచ్చారు. ఆ మూల తీసేసి రాస్తే ఇప్పుడే ఒప్పుకుంటాను. లేకపోతే ఈ దస్తావేజు నేను రాయించినది కాదు.”

వరహాలయ్య రామభద్రరాజును అరుగు మీదికి తీసుకుపోయాడు. ఇద్దరూ తిరిగి వచ్చాక రామభద్రరాజు గొంతు సవరించుకుని, తెర వెనక ఉన్నది దొడ్డమ్మగారేనో కాదో తనకు అనుమానంగా ఉందని, గొంతు వేరుగా ఉందని, మరో రోజు వస్తే బాగుంటుందని అన్నాడు. పొద్దున బండి దిగగానే “మా దొడ్డమ్మగారే” అని నాతో చెప్పిన మనిషి! మరో రోజు వస్తే తెర వెనక ఎవరుంటారో, వాళ్లు ఎన్ని “ఆ”లు అంటారో ఊహించలేనంత అమాయకుణ్ణి కాను. నాకు ఒళ్లు మండింది. కాని సాక్షి అనుమానం అన్నాక కోపంతో పని జరగదు, మరో సాక్షి కావాలి. ఈమె మాట రోజూ వినేవారు ఎవరని అడిగితే, పోలమ్మ తప్ప ఎవరూ లేరని తెర వెనకనుంచే జవాబు వచ్చింది.

ఎందుకో ఏమిటో చెప్పవద్దని నా బంట్రోతుకు గట్టిగా చెప్పి పోలమ్మను పిలిపించాను. చేపలు తోముతున్నదల్లా ఉన్నపళంగా వచ్చింది. సావడి గుమ్మం బయటే నిలబడింది. తెర వెనకనుంచి నరసాయమ్మగారు రెండు మాటలు మాట్లాడారు. పోలమ్మ తల అడ్డంగా ఊపింది.

“తెల్దండి బాబుగోరూ. అమ్మగోరి మాట నేనెప్పుడూ నూతిలోంచే ఇన్నానండి. ఇక్కడ్నించి ఇని చెప్పమంటే అబద్ధం అవుద్దండి.”

వరహాలయ్య పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత నికార్సయిన సాక్షి నాకు ఆ ఏడాదంతా దొరకలేదు. తెలియనిది తెలియదనడానికి ఎంతో చదువుకున్నవాళ్లు కూడా నా ముందు నీళ్లు నమిలేవారు.

నరసాయమ్మగారిని లోపలి పెరట్లోంచి నూతి దగ్గరకు రమ్మని చెప్పి, మిగిలిన అందరం వీధి చుట్టి కాలువ గట్టు వైపు వెళ్లాం. అక్కడ చూశాను ఆ నుయ్యి. పెరటి గోడ సరిగ్గా నూతి నడిమి మీదుగా కట్టారు. సగం నుయ్యి లోపలి పెరట్లో, సగం బయట పోలమ్మ వైపు. ఘోషా చెడకుండా ఇద్దరూ ఒకే నీళ్లు తోడుకునే ఏర్పాటు. మడినీళ్లకు నరసాయమ్మగారు తామే నూతి దగ్గరకు వస్తారట. ఇన్నేళ్లుగా ఆ ఇద్దరి మాటలూ ఆ నూతిలోనే.

నేను చెప్పిన మీదట పోలమ్మ చేద వేసింది. గిలక కిర్రుమంది. అడుగునుంచి, నీళ్లలోంచి వచ్చినట్టుగా, ఒక గొంతు పైకి వచ్చింది.

“తాడు మార్చావా పోలమ్మా? చప్పుడు వేరేగా ఉంది.”

“ఆయ్, నిన్ననే మార్చానమ్మగోరూ. కొబ్బరిపీచు తాడండి.” పోలమ్మ నా వైపు తిరిగింది. “ఈవిడే అమ్మగోరండి.”

గట్టిగా చెప్పగలవా అని అడిగాను.

“నా పిల్లలందరికీ పేర్లెట్టింది ఈ గొంతేనండి.”

ఇక అనుమానానికి చోటు లేదు. వెనక్కి వచ్చి, రాసిచ్చిన మనిషి సంతకం తప్ప రాతను ఒప్పుకోలేదని కారణం చూపి దస్తావేజును తిరస్కరించాను. వరహాలయ్య సొమ్ము సంచీ విప్పకుండానే చంకలో పెట్టుకుని బండెక్కాడు. రామభద్రరాజు దొడ్డమ్మగారికి చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను అన్న మాట నా ఉద్యోగ ధర్మానికి బయటిది. “అమ్మగారూ, ఈ బేరం పోతే మళ్లీ కొనేవారు రావడం కష్టమేమో” అన్నాను.

“రాజమండ్రిలో గోదావరి ఎక్కడికీ పోదు కదండీ” అన్నారామె.

ఎంత తేలికగా అన్నారో! కాని ఆ కోరిక ఆమెకు ఎంత పెద్దదో నాకు తెలుసు. తిరుగుదారిలో బండి కుదుపులకు నేను ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఆమె మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

కాలువలకు నీళ్లు వదిలారు. వానలు వచ్చాయి, వెళ్లాయి. ఆ ఇంటిని అడిగినవాడు లేడు. ఉత్తరపు గోడ కొంత కూలిందని కూడా విన్నాను. కార్తీక మాసంలో ఒకనాడు వరహాలయ్య కచేరీకి వచ్చి నా ఎదుట కొత్త చిత్తు పెట్టాడు. అదే ఇల్లు. దక్షిణం హద్దు ఈసారి కాలువ గట్టు కాదు, “పోలమ్మ ఇల్లు, ఉమ్మడి నుయ్యి” అని ఉంది. దస్తావేజులో ఒక పల్లెవారి ఇల్లాలి పేరు హద్దుగా నేను చూడడం అదే మొదలు. ఎందుకు మనసు మారిందని అడిగాను.

“ఆ తర్వాత చాలా ఇళ్లు చూశానండి. ప్రతివాడూ అంతా నాదే అన్నాడండి. తీరా కూపీ తీస్తే పెరడు అన్నదమ్ములదీ, దారి పక్కింటోళ్లదీ. ఆవిడొక్కరే ఇది నాది కాదు అన్నారండి. అంటే మిగిలిందంతా ఆవిడదే కదండీ. అలాంటి ఇల్లు కొంటే కోర్టు మెట్లెక్కక్కర్లేదండి. కొట్టు ఎక్కడైనా కట్టుకోవచ్చండి.”

ఆ మనిషిని అంతవరకు నేను వట్టి లోభి అనుకున్నాను. వ్యాపారి బుర్ర వ్యాపారి బుర్రే!

ఈసారి హాయిగా పడవలో వెళ్లాను. కుర్చీ అడగకుండానే సావడిలో వేశారు. గుర్తింపు సాక్ష్యం మాత్రం నూతి దగ్గరే జరిగింది. పోలమ్మ గొంతు విని, చెప్పి, నిశాని గీత గీసింది. మొత్తం చదివాను. నరసాయమ్మగారు సంతకం తనదేనని, సొమ్ము ముట్టిందని ఒప్పుకున్నారు. నేను కాగితాలు సర్దుకుంటుంటే తెర వెనకనుంచి అడిగారు.

“మీరు అటువైపు వెళ్లారు కదండీ. పోలమ్మ ఇల్లు ఎలా ఉంటుందండి?”

ఆమె దాన్ని ఎన్నడూ చూడలేదని అప్పటికి గానీ నాకు తట్టలేదు. తాము చూడని ఇంటికోసం గోదావరిని వదులుకోవడానికి సిద్ధపడ్డారు! అలవాటుకొద్దీ తూర్పున ఫలానా, పడమర ఫలానా అని మొదలుపెట్టాను.

“హద్దులు నాకు తెలుసండి. ఇల్లు ఎలా ఉంటుంది?”

తాటాకు కప్పు, ఎర్రమట్టితో అలికిన గోడలు, చూరుకింద ఆరేసిన వల, గుమ్మం పక్కన గన్నేరు చెట్టు అని చెప్పాను. గన్నేరు పూసిందా అని అడిగారు. ఎర్రగా విరగబూసిందన్నాను.

“ఎర్రదే అయి ఉండాలి. కొమ్మ గోడమీంచి విసిరింది నేనే” అన్నారు.

ఆ వారంలోనే ఆమె గూడుపడవలో రాజమండ్రి వెళ్లిపోయారని విన్నాను. నేను ఆ ఊళ్లో పనిచేసినంతకాలం పోలమ్మ ఇల్లు అక్కడే ఉంది. నూతి మీద గోడను కూడా వరహాలయ్య కదిలించలేదు.

పింఛను పుచ్చుకున్నాక కూడా జనం నన్ను వదలరు. ఇల్లు కొంటున్నామండీ, ఏం చూసుకోవాలి అని అడుగుతారు. పాత దస్తావేజులు చూడండి, హద్దులు కాళ్లతో నడిచి చూడండి, ఆ ఇంట్లో అద్దెకు ఉన్నవారితో మాట్లాడండి అని చెబుతాను. వాటన్నిటికన్నా ముందు, ఇందులో మీది కానిది ఏమిటని అమ్మేవారిని అడగమంటాను. దానికి జవాబు ఉన్నవారి దగ్గర ఇల్లు నిర్భయంగా కొనవచ్చు. అంతా నాదే అన్నవారి దగ్గర ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది.