నీళ్లు కలిసిన డీజిల్

1996 వానాకాలంలో విజిలెన్స్ ఇన్‌స్పెక్టరుగా నన్ను కలకత్తా నుంచి ఖరగ్‌పూర్ పంపారు. అక్కడి రైల్వే డీజిల్ షెడ్డులో రైలింజన్లకు ఇంధనం పోయించే విభాగానికి చార్జ్‌మన్ అయిన అప్పలరాజుగారి మీద ఆకాశరామన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన కొత్త మోడల్ డీజిల్ కారు కొన్నారు. అందులో పోసేది షెడ్డు డీజిలేనని ఆరోపణ.

భార్యకు తుంటి ఎముక విరిగి రిక్షా ఎక్కలేకపోతోందని కొన్న కారు అది. అమ్మేవాడు మైలేజీ గురించి ఊదరగొడతాడు గానీ, షెడ్డు మనిషి డీజిల్ కారు కొంటే ఊరు ఏమంటుందో చెప్పడు కదా! గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతుంటే వెనకనుంచి, “దాదా, ట్యాంకు నిండిందా?” అనేవారు. పాపం, ఆయన షిఫ్టు వదిలే వేళకే బంకుకు వెళ్లి, అందరికీ కనబడేలా కారు దిగి నిలబడి పోయించుకునేవారు. దాన్నీ నాటకమన్నారు.

నాకూ తల బొప్పి కట్టింది. బంకు డీజిలూ షెడ్డు డీజిలూ ఒకే సరుకు, చూస్తే తేడా తెలియదు. స్టాకు సరిపోయింది గానీ, ఆ స్టాకు చూసేదీ ఆయనే. విజిలెన్స్ క్లియరెన్స్ లేనిదే ఫోర్‌మన్ ప్రమోషన్ రాదు. రిటైర్మెంటేమో దగ్గర పడింది.

“పెమోషన్ పోతే పోనీండి బాబూ. దొంగోడనిపించుకోకండా ఎలిపోతే సాలు,” అన్నారాయన. ఆ మాటకు నా మనసు చివుక్కుమంది.

ఒక వానరోజు పొద్దున భార్యను ఆస్పత్రికి తీసుకెళ్తుండగా కారు గోల్‌బజార్ నడిమధ్య ఆగిపోయింది. కబురు విని వెళ్లాను. బెంగాలీ మెకానిక్ ఫిల్టరు విప్పి, “జొల్ దాదా, శుధు జొల్!” అన్నాడు. అన్నీ నీళ్లే. అదే బంకులో పోయించుకున్న రెండు పాత లారీలు దగ్గుతూ మూలుగుతూ ఎలాగో ఇల్లు చేరాయట. ఈ కొత్త రకం ఇంజను అంత మొండిది కాదు. పంపూ, ఇంజెక్టర్లూ పాడైపోయాయి.

షెడ్డులో షిఫ్టు షిఫ్టుకూ ట్యాంకు అడుగున చేరిన నీరు తీసేస్తారు. నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు రాసి కొలబద్ద ముంచి చూస్తారు. వెంటనే వెళ్లి ఇద్దరు సాక్షుల ముందు ముంచి చూశాను. రంగు మారలేదు.

తిరిగొచ్చి ఆ సంగతి చెప్పాను. అప్పలరాజుగారు వానలో తడుస్తూ నవ్వడం మొదలుపెట్టారు.

“సూడండి బాబూ, నా బండి పాడైపోనాది! బంకు డీజిలుకే పాడైపోనాది!”

“ఏటా నవ్వు? నన్ను ఆస్పత్రికెవులు తీసికెల్తారు?” అంది లోపలినుంచి భార్య. మా జీపులో పంపించాను.

ఆయన ఫోర్‌మన్‌గానే రిటైరయ్యారు. ఊరి మాటలు పడలేక కారు మాత్రం అమ్మేశారు. “రుజువు కాలేదు” అని నేను రాసి మూసిన ఫైలు ఆఫీసుకు సరిపోయింది, ఊరికి సరిపోలేదు. ఆ కేసు తర్వాత, తప్పు చేయలేదని తేలిన ప్రతి మనిషి విషయంలోనూ నా రిపోర్టులో “నిర్దోషి” అనే రాశాను.